యూజ్ కేస్ డయాగ్రామ్ గీసి రిక్వైర్‌మెంట్స్ రాబట్టడం ఎలా?

కోడ్ అంతా రాసేశాక, డాక్యుమెంట్ నిండుగా కనపడాలని యూజ్ కేస్ డయాగ్రామ్ (సాఫ్ట్‌వేర్‌తో ఎవరు ఏ పని చేసుకుంటారో చూపే బొమ్మ) గీసి అతికించేవాళ్ళని చాలామందిని చూస్తున్నాను. దానివల్ల ఎవరికీ లాభం లేదు. ఆ బొమ్మ గీయాల్సింది మొదటి రోజున, సాఫ్ట్‌వేర్ చేయించుకునే మనిషి ఎదురుగా కూర్చుని. రిక్వైర్‌మెంట్స్, అంటే ఆ సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలన్నది, అప్పుడే బయటికొస్తాయి.

ఉదాహరణకి కావలి దగ్గర రొయ్యల మేత అమ్మే డీలర్ షాపు అనుకుందాం. రైతులకి మేత అప్పుకి ఇస్తారు, పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక డబ్బులు వసూలు చేసుకుంటారు. ఆ లెక్కలకి సాఫ్ట్‌వేర్ కావాలి.

కావాల్సినవి తెల్ల కాగితాలు, పెన్సిలు, రబ్బరు. ల్యాప్‌టాప్ తీయొద్దు. పెన్సిలు గీతైతే "ఇది తప్పు" అని ధైర్యంగా చెప్తారు, స్క్రీన్ మీద నీటుగా కనపడితే తల ఊపేస్తారు.

పెద్ద పెట్టె గీయండి, అది సిస్టమ్. లోపల కోడిగుడ్డు ఆకారాలు యూజ్ కేసులు, బయట పుల్లల మనుషులు యాక్టర్లు, మధ్యలో గీతలు. అంతే.

యాక్టర్ అంటే మనిషి పేరు కాదు, పాత్ర. ఓనరుకే సొంత చెరువులు ఉండి తన షాపులోనే మేత ఖాతా ఉంటే ఆయనకి రెండు పాత్రలు. రైతు కౌంటర్ దగ్గరికి వచ్చినా కీబోర్డు కొట్టేది గుమాస్తా కాబట్టి గీత గుమాస్తాకే కలపాలి. రైతు తన బాకీని ఫోన్‌లో తనే చూసుకోవాలంటే అప్పుడు రైతునీ బయట నిలబెట్టండి. రోజూ రాత్రి బాకీ మెసేజ్ దానంతటదే వెళ్ళాలంటే "టైమ్" కూడా ఒక యాక్టరే.

ఇక అందరూ పాడుచేసేది గుడ్డులో ఏం రాయాలన్న దగ్గరే.

లాగిన్, సేవ్, ప్రింట్ అని రాస్తారు. లాగిన్ అవడానికని ఎవరూ పొద్దున్నే షాపు తెరవరు. నా రూలు ఇది: ఆ పని అయిపోయాక ఆ మనిషి కుర్చీలోంచి లేచి టీకి వెళ్ళగలిగితేనే అది యూజ్ కేస్. "అప్పుకి మేత ఇవ్వడం" అవుతుంది. "బస్తాల సంఖ్య కొట్టడం" అవదు, అది అందులో ఒక మెట్టు. "షాపు నడపడం" మరీ పెద్దది. "రైతు వివరాలు" అసలు పనే కాదు, డేటా దాచుకునే టేబుల్ పేరు. "కొత్త రైతుకి ఖాతా తెరవడం" అని రాయండి.

ఇంకో జాగ్రత్త. "మీకేం ఫీచర్లు కావాలి?" అని అడగొద్దు. పక్క షాపు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవన్నీ ఏకరువు పెడతారు, మీరు రాసుకుంటారు, ఆరు నెలలయ్యాక వాటిలో సగం ఎవరూ ముట్టుకోరు. "నిన్న పొద్దున మొదట ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు?" అని అడగండి. ఓనరు "రిపోర్ట్ కావాలబ్బయా" అంటే అక్కడ వదలొద్దు. "చూసి ఏం చేస్తారు సార్?" అనండి. "ఎవురికి ఇంక మేత ఇవ్వకూడదో చూసుకుంటా" అంటాడు. అసలు పని అది. ఇంకొంచెం లాగితే అసలైన రూలు బయటికొస్తుంది: బాకీ పరిమితి దాటినా, పంట పట్టుబడికి దగ్గరపడ్డ రైతుకి మేత ఆపితే రొయ్య ఎదగదు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) రాదు, పాత బాకీ కూడా మునుగుతుంది. కాబట్టి ఇవ్వాల్సి వస్తుంది, కానీ ఆ మాట చెప్పాల్సింది ఓనరే, గుమాస్తా కాదు. "పరిమితి దాటిన అప్పుకి అనుమతి ఇవ్వడం" అని ఇంకో గుడ్డు, దానికి ఓనరు నుంచి మాత్రమే గీత. నలభై పేజీల ప్రశ్నాపత్రం పంపినా ఈ సంగతి రాదు, అందుకే నేను ఎక్సెల్ ఫారాలు పంపడం పూర్తిగా మానేయమంటాను.

ప్రతి గుడ్డు మీదా వేలు పెట్టి "ఇది అనుకున్నట్టు జరక్కపోతే?" అని కూడా అడగండి. రొయ్యలకి తెల్లమచ్చ రోగం వచ్చి చెరువు ముందే పట్టేస్తే విప్పని బస్తాలు వెనక్కి వస్తాయి. "బస్తాలు వాపసు తీసుకోవడం" అన్న యూజ్ కేస్ అలా అడిగితేనే దొరుకుతుంది.

ఇంక్లూడ్, ఎక్స్‌టెండ్ బాణాలు మొదటి మీటింగులో వద్దు. ఇంటికెళ్ళాక వేసుకోండి: ఇంక్లూడ్ బాణం అసలు పని నుంచి అందులో తప్పక జరిగే పనికి, ఎక్స్‌టెండ్ బాణం అప్పుడప్పుడు జరిగే పని నుంచి అసలు పనికి. రెండూ చుక్కల గీతలే. ఈ బాణాల దిశనే చాలామంది తిరగేసి గీస్తుంటారు.

ఏది ముందు ఏది తర్వాత అన్నది ఈ బొమ్మ చెప్పదు, దీన్ని ఫ్లోచార్ట్ చేయకండి. ఎరిక్సన్‌లో పనిచేసిన ఐవార్ జాకబ్‌సన్ 1987లో ఈ పద్ధతిని వివరించాడు, 1997లో యూఎంఎల్ (సాఫ్ట్‌వేర్ డిజైన్‌ని బొమ్మల్లో గీసే ఉమ్మడి భాష) స్టాండర్డ్‌లో ఇది ఉంది. ఇన్నేళ్ళయినా గుడ్డు గీసి చేతులు దులుపుకునేవాళ్ళే ఎక్కువ. ప్రతి గుడ్డుకీ ఎవరు మొదలుపెడతారు, ఏం జరుగుతుంది, ఎక్కడ తేడా రావచ్చు అని అర పేజీ రాయాలి.

తర్వాత అదే కాగితం తీసుకుని, ఓనరు లేనప్పుడు గుమాస్తా దగ్గర కూర్చోండి. ఓనరు ముందు అతను "అవును సార్" తప్ప ఇంకో మాట అనడు. అతను చెప్పినవి కలిపి, తేడా వచ్చిన చోట ఓనరుని మళ్ళీ అడిగి, అప్పుడు కంప్యూటర్‌లో ఎక్కించండి.