టీనేజ్ ఆటిజం పిల్లలకు ఓటీ: మీ బాత్రూం నుంచి మొదలుపెట్టండి

కొత్తగా వచ్చిన తల్లిదండ్రుల్ని "ఇంట్లో ఇబ్బంది ఏమిటి?" అని అడిగితే ఎక్కువమంది "కాన్సన్‌ట్రేషన్ లేదు మేడమ్, కుదురుగా కూర్చోడు" అంటారు. ఐదేళ్ల పిల్లాడైతే ఆ మాటతో నేను పని మొదలుపెట్టగలను. పద్నాలుగేళ్లొచ్చి, నూనూగు మీసాలు కనబడుతూ, ఇంకా అమ్మే స్నానం చేయిస్తున్న పిల్లాడికి అది చాలదు. "తల మీద నీళ్లు పడగానే నా చెయ్యి కొరుకుతాడు, ఈ గొడవలో రోజూ స్కూల్ వ్యాన్ వెళ్లిపోతోంది" అని చెప్పండి. అప్పుడు నాకు దారి దొరుకుతుంది.

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే రోజువారీ పనులు తమంతట తాము చేసుకోవడం నేర్పేదాన్ని. ఈ థెరపీనీ, చేసేవాళ్లనీ ఓటీ అంటారు, నన్ను అందరూ ఓటీ మేడమ్ అంటారు. సికింద్రాబాద్ వైపు చాలా ఏళ్లుగా పని చేస్తున్నాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో పన్నెండు దాటినవాళ్లే ఎక్కువ. ఊయలలు, పెద్ద బంతులు ఉన్న థెరపీ గది చిన్నప్పుడు వాళ్లకు బాగానే పనికొచ్చి ఉంటుంది. ఈ వయసులో మాత్రం థెరపీ మీ బాత్రూంలో, వంటింట్లో, ఆర్టీసీ బస్‌స్టాపులో జరగాలి. నేను వారానికి ఒకటి రెండు సార్లు ముప్పావు గంట చేయించేదానికన్నా, రోజూ మీరే చేసేయకుండా మీ చెయ్యి ఆపుకుంటే వాళ్లు నేర్చుకునేది ఎక్కువ.

ముందు ఒక్క పని

రోజూ తప్పనిది, ఇంట్లో ఒకరి నడుం విరగ్గొడుతున్నది, పిల్లలే చేసుకుంటే మీకో అరగంట మిగిలేది అయిన పని ఒకటి ఎంచుకోండి. రెండు వద్దు. కొందరు షూ లేసులతో మొదలుపెడదామంటారు. లేసులు లేని బూట్లు బజార్లో బోలెడు. అవి కట్టుకోవడం రాకపోయినా రోజు గడుస్తుంది. స్నానం, టాయిలెట్ రాకపోతే మాత్రం రేపు మీకు జ్వరమొచ్చి పడుకున్న రోజు కూడా లేచి చేయించాల్సిందే.

ఎంచుకున్నాక ఓ వారం ఏమీ మార్చకండి, క్యాలెండర్ వెనకాల రాస్తూ ఉండండి చాలు: ఎన్నింటికి మొదలైంది, ఎక్కడ ఆగింది, ఆగే ముందు ఏం శబ్దం, ఏం వాసన, ఎవరు ఏమన్నారు. తినడం, బట్టలు మడతపెట్టడం లాంటివైతే రెండు నిమిషాలు ఫోన్లో వీడియో తీసి మీ ఓటీకి చూపించండి. బాత్రూం వీడియోలు మాత్రం ఎవరికోసమూ తీయకండి, థెరపిస్టు అడిగినా సరే. ఆ పనులు మాటల్లో చెప్పినా అర్థమవుతాయి.

స్నానం, దగ్గర్నుంచి

మన ఇళ్లలో బకెట్ స్నానం. దాన్ని ముక్కలు చేసి చూస్తే ఎన్ని పనులో! నీళ్లు కలుపుకోవడం, వేడి చూసుకోవడం, మగ్గు నిండా ముంచి భుజం దాకా ఎత్తడం, కళ్లు మూసుకుని పోసుకోవడం, జారిపోయే సబ్బును పట్టుకోవడం, వీపు అందుకోవడం, నురగంతా పోయిందా లేదా చూసుకోవడం, తుడుచుకోవడం, తడి ఒంటి మీదకు బనియన్ లాక్కోవడం. మొండితనం అనుకునేది చాలాసార్లు ఈ ముక్కల్లో ఏదో ఒకటి కుదరకపోవడమే.

ముందు గదిని సరిచేయండి. కుళాయి నీళ్లు ప్లాస్టిక్ బకెట్లో ధారగా పడే చప్పుడు ఆ నాలుగు గోడల మధ్య చాలా పెద్దగా వినిపిస్తుంది. కాబట్టి వాడు లోపలికి రాకముందే నీళ్లు కలిపి పెట్టండి. నిలబడి వంగితే తూలేవాళ్లకు ఒక పీట వేయండి, కింద జారని మ్యాట్ ఉండాలి. సబ్బు జారుతుంటే పీచు సంచిలో వేసి తాడుతో మేకుకు కట్టండి, లేదా నొక్కితే వచ్చే లిక్విడ్ సబ్బు పెట్టండి. మగ్గు చిన్నదిగా, పిడి లావుగా ఉంటే చేతికి పట్టు దొరుకుతుంది. తలంటు దగ్గరే గొడవైతే తల వెనక్కి వంచి నీళ్లు పోయకండి. చాలామంది పిల్లలకు అలా వంచితే పడిపోతున్నట్టు ఉంటుంది. గడ్డం కిందికి దించి, కళ్ల మీద మడిచిన నాప్‌కిన్ అద్ది పట్టుకోమనండి. షాంపూ వాసన పడటం లేదేమో కూడా చూడండి.

ఇక నేర్పడం. అన్నీ మామూలుగా మీరే చేసి, చివరి ముక్క ఒక్కటి వదిలేయండి. టవల్ కొక్కేనికి తగిలించడం వాడి పని. అది మీరు చెప్పకుండా జరిగినప్పుడు దానికి ముందుది, అంటే కాళ్లు తుడుచుకోవడం వదిలేయండి. ఆ తర్వాత ఒళ్లు తుడుచుకోవడం. ఇలా వెనక నుంచి ముందుకు రావాలి. ఇలాగైతే ప్రతి రోజూ పని పూర్తయ్యేది వాడి చేతుల్లోనే. మొదటి ముక్కతో మొదలుపెడితే వాడు కాస్త చేసి ఆగిపోతాడు, మిగతాది మీరు హడావిడిగా ముగిస్తారు, పని ఎలా పూర్తవుతుందో వాడికి ఎప్పటికీ తెలియదు.

ఒక సంగతి ఇక్కడ గట్టిగా చెప్పాలి. "ఇప్పుడు సబ్బు... ఇప్పుడు చేతులు... కాళ్లు మర్చిపోయావ్" అని పక్కన నిలబడి చెబుతూ పోతే, మీ గొంతు వినిపిస్తేనే సాగే స్నానం తయారవుతుంది. మాట అలవాటైతే తీసేయడం చాలా కష్టం. వెనక నిలబడి మోచేతిని మెల్లగా తోయండి, తర్వాత వేలు చూపించండి, తర్వాత ఒక అడుగు వెనక్కి జరగండి. తలుపు మీద వస్తువుల ఫోటోలు వరసగా అంటించండి: మగ్గు, సబ్బు, మగ్గు, టవల్. చదవగలిగితే ఫోటోలు వద్దు, అక్షరాల్లో రాయండి. పదహారేళ్ల వాడికి బొమ్మలు పెడితే చిన్నతనంగా ఉంటుంది, వాడు చెప్పకపోయినా.

నాన్నలు చదువుతుంటే ఈ పేరా మీకే. అబ్బాయికి పన్నెండు పదమూడు దాటాక బాత్రూం పని అమ్మ నుంచి మీకు రావాలి. నాన్న ఊళ్లో లేకపోతే తాతయ్యో, మేనమామో. అమ్మాయైతే అమ్మ, అమ్మమ్మ, పిన్ని. మనిషి మారేటప్పుడు ఒక్కసారిగా కాకుండా కొన్నాళ్లు ఇద్దరూ ఉండి, మెల్లగా అమ్మ తలుపు బయటికి జరగాలి. ఎవరైనా సరే "ఇప్పుడు వీపు రుద్దుతాను" అని చెప్పి ముట్టుకోవాలి. తన ఒంటిని అడక్కుండా ఎవరైనా ముట్టుకోవచ్చనే అలవాటుతో పెరిగిన పిల్లలు బయటివాళ్లకు కూడా వద్దని చెప్పలేరు. తలుపు వేసుకోవడం నేర్పండి. గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది బిగించండి. బట్టలు లేకుండా హాల్లోకి రావడం, అందరి ముందూ ఒంటి మీద చెయ్యి పెట్టుకోవడం లాంటివి కొట్టినా తిట్టినా ఆగవు. "గదిలో, తలుపు వేసుకుని" అని ఎప్పుడూ అదే మాటతో, మామూలు గొంతుతో అక్కడికి తీసుకెళ్లండి.

గడ్డం, నెలసరి

రెండూ రాకముందే మొదలుపెట్టాలి. ట్రిమ్మర్ ముందు ఆపేసి చేతికివ్వండి. కొన్నాళ్లకు ఆన్ చేసి అరచేతిలో, తర్వాత మోచేతి మీద, ఆ తర్వాత చెంప మీద. బ్లేడుకన్నా ట్రిమ్మర్ మేలు, నున్నగా రాకపోతే పోనివ్వండి. ఇంట్లో షేవింగ్ ఎప్పుడూ ఒకే రోజు, ఒకే అద్దం ముందు జరిగితే వాడు దాన్ని వారంలో ఒక భాగంగా తీసుకుంటాడు.

అమ్మాయికి ప్యాడ్ ముందుగానే పరిచయం చేయండి. ఇంట్లో ఉన్నప్పుడు కాసేపు పెట్టుకుని తిరగడం, తీసి పేపర్లో చుట్టి డస్ట్‌బిన్‌లో వేయడం ఆటలా కాదు, పనిలాగే నేర్పండి. ఎర్ర రంగు నీళ్లు ప్యాడ్ మీద వేసి ఎప్పుడు మార్చాలో చూపించొచ్చు. ప్యాడ్ జిగురు, కరకరమనే చప్పుడు పడకపోతే నెలసరికని అమ్మే ప్యాంటీలు ప్రయత్నించండి. మూడు రోజులు విడిగా కూర్చోబెట్టే ఆచారం ఉన్న ఇళ్లకు నా విన్నపం: ఈ పిల్ల విషయంలో దాన్ని పక్కన పెట్టండి. రోజూ తను నీళ్లు తాగే వంటింట్లోకి ఉన్నట్టుండి రావొద్దంటే, తనేం తప్పు చేసిందో ఆ పిల్లకు అర్థం కాదు. కడుపునొప్పికి తోడు ఆ భయం కూడానా?

ఒళ్లు కదిలే పని

స్పర్శ, చప్పుడు, కదలిక లాంటివాటికి పిల్లలు సర్దుకోవడానికి ఊయలలు, బంతులతో చేయించే సెన్సరీ ఇంటిగ్రేషన్ పద్ధతిని అమెరికాలో జీన్ ఏయర్స్ అనే ఓటీ 1970ల్లో చిన్నపిల్లలతో పని చేస్తూ రూపొందించారు. దానికోసమని పదిహేనేళ్ల వాడిని ఇప్పటికీ ఊయల్లో కూర్చోబెట్టనక్కర్లేదు. కండరాలకు బరువు తగిలే పని చాలామందిని స్థిమితపరుస్తుంది, అది ఇంట్లోనే దొరుకుతుంది: తడి దుప్పటి ఇద్దరూ చెరో కొస పట్టుకుని పిండడం, కూరగాయల సంచి మెట్ల మీదుగా మోయడం, చపాతీ పిండి పిసకడం, సగం నిండిన నీళ్ల క్యాన్ నేల మీద తోయడం. హోంవర్క్‌కో, బయటికి వెళ్లడానికో ముందు ఓ పది నిమిషాలు ఇవ్వండి. ఆ తర్వాత కూర్చోగలుగుతున్నాడా? తేడా లేకపోతే ఆ పని మార్చమని మీ ఓటీని అడగండి. ఇక బరువు దుప్పట్లు, అంటే ఒంటి మీద ఒత్తిడి తగలాలని లోపల బరువు పెట్టి కుట్టినవి. ఆన్‌లైన్‌లో అంత డబ్బు పోసి కొంటారు గానీ మన మే నెల ఉక్కలో వాటిని ఎవరు కప్పుకుంటారు? కొన్నా సరే, తనంతట తాను తీసేసుకోగలిగితేనే వాడాలి.

పెళ్లిళ్లకు డీజే మొదలయ్యేలోపే వెళ్లి, తలుపు దగ్గర కూర్చుని, అక్షింతలు వేసి వచ్చేయండి. "పెళ్లి చేస్తే వాడే దారిలో పడతాడు" అనే చుట్టం అక్కడ ఎటూ ఉంటారు. వాదనకు దిగకండి, మీ ఓపిక ఇంట్లో అవసరం.

గట్టిగా తిరగబడినప్పుడు

చిన్నప్పుడు ఒడిలో పట్టుకుని ఆపేవారు. ఇప్పుడు వాడు మీకన్నా ఎత్తు. పట్టుకోకండి. టీవీ, మిక్సీ ఆపండి, మిగతావాళ్లను అవతలికి పంపండి, ఒకరే చేతికి అందనంత దూరంలో, తలుపుకు అడ్డం రాకుండా ఉండండి. మాట్లాడితే ఒకటి రెండు మాటలే. తగ్గాక వెంటనే క్లాసు పీకొద్దు, నీళ్లివ్వండి. ఇలాంటివి ఈమధ్యే ఎక్కువయ్యాయంటే ముందు ఒంట్లో చూడండి: పంటి నొప్పి, మలబద్ధకం, చెవి పోటు. నొప్పి ఎక్కడుందో తెలియని పిల్లలు చాలామంది. చూపు ఒకచోట నిలిచిపోవడం, కాసేపు పిలిచినా పలకకపోవడం కనిపిస్తే న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఆటిజం ఉన్నవాళ్లలో టీనేజ్‌లో కొత్తగా ఫిట్స్ మొదలవడం ఉంటుంది.

ఓటీని ఎంచుకోవడం, కాగితాలు

బీఓటీ గానీ ఎంఓటీ గానీ (ఆక్యుపేషనల్ థెరపీలో డిగ్రీ, పీజీ) చదివారా అని మొహమాటం లేకుండా అడగండి. తర్వాత ఇంకో మూడు: ఈ మూడు నెలల్లో ఏ పని వస్తుంది, వచ్చిందని ఎలా కొలుస్తారు, ఇంట్లో నేనేం చేయాలి? మిమ్మల్ని ఎప్పుడూ బయట కుర్చీలోనే కూర్చోబెట్టే చోట టీనేజ్ పిల్లలకు పెద్దగా లాభం ఉండదు. దస్తూరి బాగుచేయమని ఇంకా అడుగుతుంటే ఆపి, టైపింగ్ నేర్పమనండి. సీబీఎస్ఈ అయితే ఇలాంటి పిల్లలు పరీక్ష కంప్యూటర్ మీద రాయడానికి అనుమతి ఇస్తుంది. మీ నడుం నొప్పి, నిద్ర లేకపోవడం కూడా సెషన్‌లో చెప్పండి. మీ రోజును ఎలా సర్దాలో చూడటం కూడా ఓటీ పనే.

ఖర్చు భరించలేనివాళ్లకు బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది. జిల్లాల్లో ఉన్న ప్రభుత్వ డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) కేంద్రాలు 18 ఏళ్ల వరకు చూస్తాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కాబట్టి వైకల్య సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి. వాటితో కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాలో చేరితే ఏడాదికి లక్ష రూపాయల వరకు ఉంటుంది, అందులో థెరపీలకు విడిగా కొంత పరిమితి ఇస్తారు. ఏటా రెన్యూవల్ మర్చిపోకండి. 18 నిండాక చట్టబద్ధమైన గార్డియన్ అవసరమైతే కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టాలి.

15 ఏళ్లు నిండాక ఆధార్ బయోమెట్రిక్ (వేలిముద్రలు, కంటిపాప) మళ్లీ ఇవ్వాలి, చాలామందికి గొడవ అయ్యేది అక్కడే. నెల ముందు నుంచి ఇంట్లో ప్రాక్టీసు చేయించండి: నాలుగు వేళ్లూ కలిపి చల్లటి స్టీలు పళ్లెం మీద నొక్కి పది లెక్కపెట్టేదాకా ఉంచడం, తర్వాత బొటనవేళ్లు, తర్వాత కళ్ల ముందు అట్టపెట్టె పట్టుకుంటే రెప్ప ఆర్పకుండా చూడటం. ముందొక రోజు ఊరికే సెంటర్‌కి తీసుకెళ్లి కుర్చీ, మెషిన్ చూపించి వచ్చేయండి. అసలు రోజున తెరిచే టైముకే వెళ్లి, వేళ్లు మీరే పెట్టిస్తామని ఆపరేటర్‌కి ముందే చెప్పండి.