నల్లగొండలో పిల్లల పళ్లను ఎలా కాపాడుకోవాలి?

నీళ్లలో ఎక్కువైతే పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసే ఫ్లోరైడ్ అంటేనే మన దగ్గర టెన్షన్. మర్రిగూడ, మునుగోడు వైపు గార పళ్లను, వంగిపోయిన కాళ్లను చూసినవాళ్లు పేస్టు ట్యూబు మీద ఆ పేరు కనిపిస్తే పక్కన పెట్టేయడంలో వింతేమీ లేదు. కానీ ముందు చూసుకోవాల్సింది పేస్టు కాదు, తాగే నీళ్లు.

1. నీళ్ల సంగతి తేల్చుకోండి. లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. మిషన్ భగీరథ (ఇంటింటికీ తాగునీరిచ్చే ప్రభుత్వ పథకం) నల్లా నీళ్లు వస్తుంటే తాగడానికే కాదు, వంటకూ అవే వాడండి. బోరు నీళ్లతో వండితే ఆ ఫ్లోరైడ్ అన్నంలోకీ పప్పులోకీ చేరుతుంది. కాచినా పోదు, పైగా నీళ్లు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా లాభం లేదు. ఆర్వో మిషన్ మాత్రం బాగా తగ్గిస్తుంది. పసిబిడ్డల డబ్బాపాలు బోరు నీళ్లతో అసలు కలపొద్దు. ముందు వరస శాశ్వత పళ్ల పైపొర తొలి నాలుగైదేళ్లలోనే చిగురు లోపల తయారవుతుంది. అప్పుడు తాగిన నీళ్ల ఫలితం పిల్లాడికి ఏడేళ్లొచ్చి, ఆ పళ్లు బయటపడ్డాక గానీ తెలియదు.

2. పేస్టు మానొద్దు, తగ్గించండి. మూడేళ్లలోపు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత చాలు. బ్రష్ నిండా పరిచేది ప్రకటనల వాళ్ల ముచ్చట. పంటి మీద పనిచేసే ఫ్లోరైడ్ పిప్పిని ఆపుతుంది, మింగితేనే చిక్కు. అందుకే ఉమ్మడం నేర్పండి. ఇంట్లో బోరు నీళ్లే దిక్కైతే, ఏ పేస్టు వాడాలో పళ్ల డాక్టరును అడగండి.

3. రాత్రి బ్రష్ మీరే చేయండి. ఏడేళ్ల దాకా పిల్లల చేతికి లోపలి దవడ పళ్లు సరిగా అందవు. బిడ్డ తలను ఒళ్లో పెట్టుకుని, చెంపను వేలితో పక్కకు లాగితే అంతా కనిపిస్తుంది. ఆ తర్వాత చక్కెర పాలసీసా వద్దు.

4. ‘పాలపళ్లే కదా, ఊడిపోతాయి’ అనుకోకండి. దవడ పాలపళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉండాలి. పైగా ఆరేళ్లప్పుడు వాటి వెనక మొలిచేది శాశ్వత దవడ పన్ను. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది దాన్ని పాలపన్ను అనుకుని వదిలేస్తారు. పిప్పి పట్టేదీ ఎక్కువగా దానికే.

5. గారను ఉప్పుతో, బొగ్గుతో, ఇటుక పొడితో రుద్దొద్దు. ఆ మచ్చ పంటి పొరలోనే ఉంటుంది, రుద్దితే పన్నే అరుగుతుంది. పళ్ల డాక్టరు దగ్గర దానికి వేరే వైద్యం ఉంది.

6. ఆటల్లో శాశ్వత పన్ను ఊడిపడితే వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకుని తీయండి. మట్టి ఉంటే నీళ్లతో ఒక్కసారి కడిగి, పాలల్లో వేసి, అరగంటలో డాక్టరు దగ్గరికి చేరితే మళ్లీ నిలబెట్టొచ్చు. ఊడింది పాలపన్నయితే మాత్రం తిరిగి పెట్టే ప్రయత్నం చేయొద్దు.