జూనియర్ ఐస్ హాకీలో డిఫెన్స్ కోచ్‌గా ఎదగడం ఎలా

ఉత్తర అమెరికాలో జూనియర్ హాకీ అంటే సుమారు 16 నుంచి 20 ఏళ్ల ఆటగాళ్ల స్థాయి. కెనడాలో సీహెచ్‌ఎల్ (కెనడియన్ హాకీ లీగ్) కింద నడిచే ఒంటారియో, వెస్టర్న్, క్యుబెక్ మారిటైమ్స్ లీగ్‌లు దాని పైమెట్టు. అమెరికాలో ఆ స్థానం యూఎస్‌హెచ్‌ఎల్ (యునైటెడ్ స్టేట్స్ హాకీ లీగ్)ది. మ్యాచ్‌కు దిగే ఆరుగురు డిఫెన్స్ ఆటగాళ్లను, అంటే మూడు జోడీలను, ఈ జట్లలో ఎక్కువగా ఒక అసిస్టెంట్ కోచ్‌కే అప్పగిస్తారు. కెనడాలోనో అమెరికాలోనో పెరిగి, స్కూలు వయసు దాకా హాకీ ఆడి, ఆటను వదులుకోలేక కోచింగ్ వైపు చూస్తున్న తెలుగు యువతీయువకులు ఆ ఉద్యోగం దాకా ఎలా చేరవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక సంగతిని మనసులో స్థిరపరచుకోవాలి. డిఫెన్స్ ఆటగాళ్లు ఆలస్యంగా పక్వానికి వస్తారు. నిక్లస్ లిడ్‌స్ట్రామ్, ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా అగ్రశ్రేణి ప్రొఫెషనల్ లీగ్) జట్లు యువ ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1989లో 53వ వాడు, జెడెనో చారా 1996లో 56వ వాడు, డంకన్ కీత్ 2002లో 54వ వాడు, ఆడమ్ ఫాక్స్ 2016లో 66వ వాడు. నలుగురూ తరువాత ఉత్తమ డిఫెన్స్ ఆటగాడికిచ్చే నోరిస్ ట్రోఫీని గెలిచారు. పదిహేడేళ్ల కుర్రవాడిని చూసి ఇతని స్థాయి ఇంతేనని తీర్పు చెప్పే కోచ్ ఈ పనికి తగడు. మీ శ్రమ ఫలితం మూడు నాలుగేళ్ల తరువాత, బహుశా మరొకరి జట్టులో కనబడుతుందని ఒప్పుకున్నవారే ఇందులో నిలబడగలరు.

అర్హతల విషయం సూటిగానే ఉంటుంది. కెనడాలో అక్కడి హాకీ సమాఖ్య హాకీ కెనడా నిర్వహించే ఎన్‌సీసీపీ (జాతీయ కోచింగ్ సర్టిఫికేషన్) కోర్సులను కింది మెట్టు నుంచి మొదలుపెట్టి డెవలప్‌మెంట్ 1, ఆపై హై పెర్ఫార్మెన్స్ స్థాయి వరకు పూర్తి చేయాలి. పిల్లల భద్రతకు సంబంధించిన రెస్పెక్ట్ ఇన్ స్పోర్ట్ శిక్షణ కూడా కావాలి. అమెరికాలో యూఎస్‌ఏ హాకీ కోచింగ్ కోర్సులు, వేధింపుల నివారణకు సంబంధించిన సేఫ్‌స్పోర్ట్ శిక్షణ, నేపథ్య పరిశీలన ఉంటాయి. సర్టిఫికెట్ తలుపు తెరుస్తుందే తప్ప ఎవరినీ కోచ్‌ను చేయదు కాబట్టి, కోర్సులు పూర్తయ్యేదాకా ఆగకుండా ఇంటికి దగ్గరలోని మైనర్ హాకీ (పిల్లల హాకీ) సంఘంలో స్వచ్ఛందంగా చేరి, డిఫెన్స్ పిల్లల బాధ్యత నాకివ్వండని అడగండి. హెడ్ కోచ్‌లలో చాలామంది ఫార్వర్డ్‌ల దాడి మీదే ఎక్కువ సమయం పెడతారు. డిఫెన్స్‌ను ఇష్టంగా తీసుకునేవారు దొరికితే సంతోషిస్తారు.

ఇక అసలు పని. డిఫెన్స్ ఆటగాడి విలువ ఎక్కువగా తేలేది, ప్రత్యర్థి తమ మూలకు నెట్టిన పక్‌ను (ఆడే రబ్బరు బిళ్లను) వెనక్కి వెళ్లి తీసుకునే ఆ రెండు మూడు క్షణాల్లోనే. అక్కడ తడబడితే నిమిషం పాటు సొంత జోన్‌లోనే, అంటే తమ గోల్ వైపు భాగంలోనే, చిక్కుకుపోతారు. అక్కడ నిబ్బరంగా ఉంటే జట్టు మొత్తం ముందుకు కదులుతుంది. అందుకే నా అభిప్రాయంలో జూనియర్ డిఫెన్స్ కోచ్ తన సాధన సమయంలో అత్యధిక భాగాన్ని ఈ ఒక్క నైపుణ్యానికే కేటాయించాలి. మొదట నేర్పవలసింది చూపు. పక్‌ను తాకేలోపు కనీసం రెండుసార్లు, వీలైతే రెండు భుజాల మీదుగానూ వెనక్కి చూడటం అలవాటు కావాలి. దీనికి సులభమైన కసరత్తు ఒకటి ఉంది: మీరు పక్‌ను మూలకు వదిలి, వెనక నిలబడి వేళ్లతో ఒక అంకె చూపండి, ఆటగాడు పక్‌ను తాకేలోపే ఆ అంకెను బిగ్గరగా చెప్పాలి. అది కుదిరాక వెంటాడే ఫార్వర్డ్‌ను రెండు క్షణాలు ఆలస్యంగా వదలండి, తరువాత ఒక క్షణం, ఆ తరువాత ఇద్దరిని కలిపి వదలండి.

చూపు తరువాత పాదాలు. పక్ వైపు నేరుగా దూసుకెళ్లే కుర్రవాడు రింక్ చుట్టూ ఉండే బోర్డులకు ముఖం పెట్టి ఇరుక్కుంటాడు. కాస్త వంపుగా వెళ్లి, నడుమును ఆట వైపు తిప్పుకుని, బయటికి రాబోయే దిక్కుకు ముందే సిద్ధమైనవాడికి దారి దొరుకుతుంది. ఆపై మాట. గోల్ వెనకగా మోసుకెళ్లమనే ‘వీల్’, వచ్చిన దిక్కుకే తిప్పి పంపమనే ‘రివర్స్’, అవతలి వైపున్న జోడీదారుకు ఇమ్మనే ‘ఓవర్’, వెంటనే ముందుకు ఇవ్వమనే ‘అప్’ అన్న పిలుపులను జోడీదారూ గోలీ గట్టిగా అరవాలి. సాధనలో మౌనంగా ఉండే జట్టు మ్యాచ్‌లోనూ మౌనంగానే ఉంటుంది కనుక, పిలుపు లేని ప్రయత్నాన్ని ఎంత బాగా ముగిసినా మళ్లీ చేయించండి.

రెండో నైపుణ్యం గ్యాప్, అంటే దూసుకొచ్చే ప్రత్యర్థికీ మీ ఆటగాడికీ మధ్య దూరం. జోన్‌కు హద్దైన నీలి గీత దగ్గరికి వచ్చేసరికి అది దాదాపు ఒక స్టిక్ పొడవుకు తగ్గాలి, స్టిక్ మొన పక్ మీద ఉండాలి, ప్రత్యర్థి మధ్యలోకి రాలేక బోర్డుల వైపు తొలగిపోవాలి. గ్యాప్ చెడితే వెనక్కి స్కేట్ చేయడం చేతకాదని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు తప్పు అంతకు ముందే జరిగి ఉంటుంది: పాస్ ఇచ్చాక తన జోన్‌లోనే నిలబడి చూస్తున్న ఆటగాడు, పక్ చేజారి ఎదురుదాడి మొదలయ్యేసరికి ముప్పై అడుగులు వెనక ఉంటాడు. కాబట్టి ఇచ్చిన పాస్ వెంటే ముందుకు కదలడాన్ని కూడా గ్యాప్ పాఠంగానే నేర్పండి. పివట్‌లను (స్కేట్ చేస్తూనే ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిరగడాన్ని) మాత్రం కుడికీ ఎడమకీ విడివిడిగా పరీక్షించండి. దాదాపు ప్రతి కుర్రవాడికీ ఒక వైపు బలహీనంగా ఉంటుంది, అతనికి అది తెలియదు కూడా.

శరీరంతో ఢీకొనే ఆట గురించి ఒక జాగ్రత్త. యూఎస్‌ఏ హాకీ 2011లో, హాకీ కెనడా 2013లో పీవీ వయసు వారికి, అంటే 11, 12 ఏళ్ల పిల్లలకు, బాడీ చెకింగ్‌ను తొలగించాయి. అది మంచి నిర్ణయమే. అయితే ఆ తరువాతి వయసులో వచ్చే పిల్లలకు దెబ్బ కొట్టడం కన్నా ముందు, బోర్డుల దగ్గర దెబ్బను భద్రంగా కాచుకోవడం నేర్పే బాధ్యత కోచ్ మీద పడింది.

వీడియోను పొదుపుగా వాడండి. మ్యాచ్ తరువాత ఒక్కో ఆటగాడికి ఒకే విషయం మీద అయిదారు ముక్కలు చూపితే చాలు. వాటిలో అతను బాగా చేసినవి తప్పక ఉండాలి. సీజన్ మొదట్లోనే ప్రతి ఒక్కరితో విడిగా కూర్చుని రెండు లక్ష్యాలు రాసుకోండి. పక్‌ను తీసుకున్న ప్రతిసారీ జట్టు అదుపులో ఉంచుకుని జోన్ దాటిందా లేదా అన్నది మ్యాచ్ తరువాత మ్యాచ్ లెక్కపెట్టి పెట్టుకోండి. గోల్స్, అసిస్ట్‌ల పట్టిక మంచి డిఫెన్స్ ఆటగాడికి తరచుగా అన్యాయం చేస్తుంది. మీ లెక్కే అతనికి ధైర్యం, అతని తల్లిదండ్రులకు సమాధానం.

పైకి వెళ్లే దారి మైనర్ హాకీ నుంచి జూనియర్ బి, జూనియర్ ఎ, ఆపై మేజర్ జూనియర్. వెస్టర్న్ లీగ్‌లో రెగ్యులర్ సీజన్ 68 మ్యాచ్‌లు, సుదీర్ఘమైన బస్సు ప్రయాణాలు. కింది స్థాయుల్లో జీతం మీద కుటుంబం గడవదు కాబట్టి వేరొక ఆదాయం ఉండటం అవసరం. మీరు పెద్ద డిఫెన్స్ ఆటగాడై ఉండాల్సిన పని లేదు. ర్యాన్ హస్కా లెఫ్ట్ వింగ్ ఆడేవారు, ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచే ఆడారు. వెస్టర్న్ లీగ్ జట్టు కెలోనా రాకెట్స్‌లో అసిస్టెంట్‌గా చేసి, 2007 నుంచి 2014 వరకు హెడ్ కోచ్‌గా ఉన్నారు; ఆ కాలంలో అక్కడ ఆడిన డిఫెన్స్ ఆటగాడు టైలర్ మైయర్స్ 2010లో ఎన్‌హెచ్‌ఎల్ ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే కాల్డర్ ట్రోఫీ గెలిచాడు. హస్కా ఎన్‌హెచ్‌ఎల్‌కు కింది మెట్టైన ఏహెచ్‌ఎల్ మీదుగా ఎన్‌హెచ్‌ఎల్ జట్టు కాల్గరీ ఫ్లేమ్స్‌లో అసిస్టెంట్ అయి, 2023లో హెడ్ కోచ్ అయ్యారు.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు జట్టు గెలుపోటముల పట్టికను ముందు పెట్టకండి. ఇద్దరు ముగ్గురు ఆటగాళ్లను ఎంచుకుని, సెప్టెంబర్‌లో ఒకటి, మార్చిలో ఒకటి తీసిన వీడియోలను పక్కపక్కన ఉంచి, ఆ మధ్య నెలల్లో మీరు వారానికి ఏమేం చేయించారో చెప్పండి. ఆ ఆటగాళ్ల అనుమతి మాత్రం ముందే తీసుకోండి.