అన్నతోని కలిసి కొరియన్ సీరియల్ చూసుడెట్ల

మాది హాలియా. సాగర్ రోడ్డు మీద నాకు చిన్న టైలరింగ్ షాపుంది. మా అన్నకు నలభై ఒకటి. బడికి తోలినా అక్షరాలు నిలువలే, లెక్క యాభై దాక వస్తది. సదరం సర్టిఫికెట్ల మేధో వైకల్యం అని రాసిచ్చిండ్రు. ఊర్ల వేరే మాటలంటరు, అవి ఇక్కడ రాయ. పొద్దంత నా షాపుల కూసోని గుండీలు రంగుల వారీగ ఏరుతడు. బత్తాయి సీజన్ల తోటకాడికి పోయి పెట్టెల్ల కాయలు సర్దుతడు. రాత్రయితే మేమిద్దరం కొరియన్ సీరియల్ చూస్తం. రెండేండ్లాయె. ఇంట్ల ఇసొంటి మనిషి ఉండి, ఆ మనిషి కథే తెర మీద నడుస్తుంటే పక్కన కూసునుడు ఎట్లనో నాకెవరు చెప్పలే. తప్పులు చేసుకుంట నేర్సుకున్న.

ముందు రిమోట్ సంగతి. అది ఆయన చేతిల పెట్టుండ్రి. మా ఇంట్ల నెట్ రీచార్జ్ అన్న ఆసరా పింఛన్ నుంచే. 2023ల 3,016 నుంచి 4,016 అయినంక "పెరిగిన వెయ్యి నా టీవీకి" అన్నడు, ఇగ మాట్లాడేదేముంది. ఆపే గుండీ మీద ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టిన. అర్థం కాకుంటే ఆయనే ఆపుతడు. మొదట్ల రిమోట్ నాకాడ ఉన్నప్పుడు అర్థమైనట్టు తలకాయ ఊపుకుంట కూసునేది. నేను సంబురపడ్డ. ఆయన నా కోసం ఊపుతున్నడని నాకు ఎరుకైతందుకు నెల పట్టింది.

కొరియన్ ఎపిసోడ్ అంటే గంట, ఒక్కోసారి గంటంబావు. ఒక్కపారే కుదరదు. అన్నం తిన్నంక ఇరవై, ఇరవై ఐదు నిమిషాలు, అంతే. మర్నాడు మొదలుపెట్టే ముంగట "నిన్న ఏమాయె?" అని నేను అడుగుత, ఆయన చెప్తడు. ఆయన చెప్పిన కథ, తెర మీది కథ ఒక్కటి కాకపోతే దిద్దకుండ్రి. ఒకనాడు సీరియల్ల డాక్టరమ్మ ఏడ్సింది ఆకలైతుందని చెప్పిండు. మల్ల పెట్టి చూస్తే, ఆ రోజు ఆమె నిజంగనే ఏం తినలే. నేను చూడలే, ఆయన చూసిండు.

ఆడియోల తెలుగుందేమో ముందే చూసుకోండ్రి. లేకపోతే కింద వచ్చే అక్షరాలు మీరే చదివి చెప్పాలె. పుస్తకం భాష పెట్టకుండ్రి, ఇంట్ల మాట్లాడినట్టే చెప్పుండ్రి. చిక్కంత చుట్టరికాల కాడ వస్తది. కొరియాల ఆడపిల్ల సొంత అన్నను 'ఒప్పా' అంటది, ప్రేమించినోన్ని కూడ 'ఒప్పా' అనే అంటది. మొదటిపారి నేను రెండింటికి "అన్నా" అనే చదివిన. మా అన్న రిమోట్ కింద పెట్టి, "అన్నను చేసుకుంటదా? థూ!" అని బయటికి పోయిండు. రెండు రోజులు టీవీ మొఖం చూడలే. అప్పట్నుంచి ప్రేమించినోడైతే "బావా", తోడబుట్టినోడైతే "అన్నా". మనకు బావ అనే మాట ఉన్నందుకు ఎంత తేలికైందో.

పేర్లు గుర్తుండయి. నోట్‌బుక్కుల ఒక్కొక్కరికి ఒక గుండీ కుట్టిన. హీరోకు నీలం, డాక్టరమ్మకు ముత్యాల గుండీ. అన్న గుండీ మీద వేలు పెట్టి "ఈమె ఇయ్యాల వస్తదా?" అని అడుగుతడు.

ఇగ ఏది చూడాలె. అందరు చెప్పేది 'గుడ్ డాక్టర్'. 2013ల కేబీఎస్ ఛానెల్ల వచ్చింది, 20 ఎపిసోడ్లు. పిల్లల సర్జరీ విభాగంల చేరిన పార్క్ షిఓన్, తన సీనియర్ చా యూన్‌సో మీద మనసు పడుతడు. జూ వన్, మూన్ ఛేవన్ చేసిండ్రు. బాగుంటది, కాని దాంతోని మొదలుపెట్టకుండ్రి. షిఓన్‌కు ఉన్నది ఆటిజం, అంటే నలుగురితోని మాట్లాడుడు, కలిసుడు కష్టమైతది, దాని తోడు సావంట్ సిండ్రోమ్. చదివిందల్ల బొమ్మ లెక్క తలకాయల ఉంటది. మేధో వైకల్యం వేరు. ఆటిజం ఉన్నోళ్లల్ల కూడ అసొంటి జ్ఞాపకం చాన తక్కువ మందికుంటది. మేము చూస్తున్న రోజుల్ల పక్కింటామె వచ్చి "మీ అన్నకేం పవర్ ఉందే?" అని అడిగింది. గుండీలు ఏరుతడని చెప్పిన. మొఖం చిన్నగ చేసుకున్నది. ఏదో ఒక విద్య ఉంటేనే ప్రేమకు అర్హత అన్నట్టు చూపిస్తరు ఈ సీరియళ్లు, నాకు అదొక్కటి నచ్చదు.

'అవర్ బ్లూస్'తోని మొదలుపెట్టుండ్రి. 2022ల వచ్చింది. జేజు దీవిల చేపలమ్మేటోళ్లు, సముద్రంల మునిగి గవ్వలు తీసే ఆడోళ్లు. చాన మంది కథలు కలిసుంటయి, మీకు కావాల్సిన కథ సగం దాటినంక వస్తది. యోంగోక్ అనే పిల్లను పడవ కెప్టెన్ ఇష్టపడుతడు. ఆమెకు కవల అక్క యోంగ్‌హీ, పుట్టుకతోనే మేధో వైకల్యం తెచ్చే డౌన్ సిండ్రోమ్ ఉన్న మనిషి. ఆ పాత్ర చేసిన జంగ్ ఉన్‌హేకు నిజంగనే డౌన్ సిండ్రోమ్ ఉంది, నిజంగనే బొమ్మలు గీస్తది. "యాక్టింగా?" అని అడిగిండు అన్న. "కాదు, ఆమె గట్లనే ఉంటది" అని నేను చెప్పిన. దగ్గరికి జరిగి కూసున్నడు. జనం ఆమె దిక్కు గుడ్లప్పగించి చూసే కాడ ఎర్ర చుక్క నొక్కి, "మన బస్సుల లెక్క" అన్నడు. అంతే, మల్ల నడిపిండు. జంగ్ ఉన్‌హే 2025ల పెండ్లి చేసుకున్నది, పెండ్లికొడుకు కూడ మేధో వైకల్యం ఉన్న మనిషే. అన్నకు చెప్పిన. చెప్పకుంటే నాకు సుఖముండునేమో.

'ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ' అనే వకీలమ్మ సీరియల్ల పదో ఎపిసోడ్ మాత్రం మీరు ఒక్కరే ముందు చూడుండ్రి. మేధో వైకల్యం ఉన్న పిల్లతోని ఒకడు ప్రేమ అంటడు, కేసు కోర్టుకెక్కుతది. ఆమెకు ప్రేమించే హక్కుందా, వాడు ఆమెను వాడుకున్నడా అని రెండు ప్రశ్నలు ఒక్కతాన ముడిపడుతయి. వానికి శిక్ష పడుతది, ఆమె ఏడుస్తది. మా అన్నకు నేను ఇంక పెట్టలే.

ముద్దు సీన్లు వస్తే ముందుకు జరపకుండ్రి. నేను జరిపిన. "నేను పిల్లగాన్నా?" అన్నడు. ఇప్పుడు నడవనిస్త, నడిచినంక రెండే ముచ్చట్లు అడుగుత: "ఆమెకు ఇష్టమేనా? నీకెట్ల తెలిసింది?" ఆయన మల్ల వెనక్కి తిప్పి వెతుకుతడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకున్నదా, నవ్విందా చూస్తడు. ఇది మామూలు ముచ్చట కాదు. మన 'స్వాతిముత్యం'ల శివయ్య సీతారాముల కల్యాణంల తాళి తీసి లలిత మెడల కట్టేస్తడు, అడగకుండనే. అమ్మకు ఆ సీనంటే పానం, కండ్లెంబడి నీళ్లు పెట్టుకుంటది. షిఓన్ అట్ల కట్టడు, మనసుల మాట చెప్తడు. యూన్‌సోకు టైమ్ పడుతది, ఆ టైమ్ అంత అతడు ఆగుతడు. అన్నకు ఈ రెండు సీన్లు పక్కపక్కన పెట్టి చూపిచ్చిన. "అడగాలె" అన్నడు. అమ్మకు కోపమొచ్చి లోపలికి పోయింది.

అడుగుతడు మరి, మిమ్మల్నే అడుగుతడు: "నాకెప్పుడు?" దీనికి తయారుగ ఉండుండ్రి. "చేద్దాం తియ్యి" అనకుండ్రి. నేనట్ల అన్నందుకు ఆయన చెర్వుగట్టు జాతరల పచ్చ గాజులు డజను కొనుక్కొచ్చి ట్రంకు పెట్టెల దాసిండు. ఏ చెయ్యి కొలతకో ఆయనకే ఎరుక. అప్పుడు కూసోని ఉన్నదున్నట్టు చెప్పిన. సర్టిఫికెట్ ఉన్నోళ్లు పెండ్లి చేసుకోవద్దని హిందూ వివాహ చట్టంల లేదు. 1955 చట్టం అడిగేది, ఆ మనిషి తెలిసి ఒప్పుకోగలడా, సంసారం చేయగలడా అని. ఒప్పుకునేటోళ్లు ఇద్దరుండాలె. అట్లనే, చుట్టాలు అడుగుతున్నరు కదా అని ఎవరో పేదింటి పిల్లకు అసలు సంగతి చెప్పక కట్టబెట్టుడు నేను చేయనని కూడ చెప్పిన. నల్లగొండ నుంచి అసొంటి సంబంధం ఒకటి నిజంగ వచ్చింది, ఎనక్కి పంపినం. అన్న చాన సేపు నోట్‌బుక్కు చూసుకుంట కూసున్నడు.

"ఆమె ఎవరో నాకు తెల్వదు కదా, ఎట్లడుగుత?" అన్నడు మెల్లగ.

ఇప్పుడు 'గుడ్ డాక్టర్' రెండోసారి నడుస్తుంది, పద్నాలుగో ఎపిసోడ్ల ఉన్నం. మొన్న గాజులు బయటికి తీసి లెక్కపెట్టుకుని మల్ల లోపల పెట్టిండు. పదకొండే ఉన్నయట. ఒకటి పగిలిందో, ఎవరికన్న ఇచ్చిండో అడిగితే నవ్వి ఎర్ర చుక్క నొక్కిండు.