వారం పట్టిక గాడి తప్పినప్పుడు: ఒకటి, రెండు తరగతుల సమస్యలు - పరిష్కారాలు

బెంగళూరులో కె.ఆర్.పురం వైపు, ఒకటి, రెండు తరగతులు కలిసి కూర్చునే గదిలో నేను పాఠాలు చెబుతాను. పిల్లల్లో సగం మందికి ఇంటి భాష తెలుగు. వాళ్ల అమ్మానాన్నలు కదిరి, మదనపల్లె, అనంతపురం వైపు నుంచి కట్టడం పనులకు వచ్చినవారు. బడిలో వినిపించేవి కన్నడం, ఇంగ్లీషు. ప్రతి సోమవారం గోడకు ఆ వారం పనుల పట్టిక అంటిస్తాం. ఏదైనా పని కుదరని రోజు వెతికి చూస్తే, లోపం చాలావరకు మేము దాన్ని అమర్చిన తీరులోనే దొరికింది.

సమస్య: పని మొదలైన ఐదు నిమిషాలకే గది గోలగా మారుతుంది

కారణం ఖాళీ చేతులు. ముప్పై మందికి చింతగింజల డబ్బా ఒక్కటే ఉంటే, ఇరవై ఐదు మంది తమ వంతు కోసం కూర్చోవాలి. ఆరేళ్ల పిల్లలకు అది శిక్షే. మూడో నిమిషంలో ఒకసారి చుట్టూ చూసి ఖాళీ చేతులు లెక్కపెట్టండి, సంగతి తెలిసిపోతుంది.

ఉదయమే గింజలను ఆరు గిన్నెల్లో, గిన్నెకు నలభై చొప్పున సర్దండి. ఐదుగురికి ఒక గిన్నె. తెచ్చేదీ, తిరిగి పెట్టేదీ వారమంతా ఒకే పిల్ల. తిరిగి ఇచ్చేటప్పుడు నలభై ఉన్నాయో లేదో వాళ్లే చూస్తారు. నా గదిలో అన్నిటికంటే శ్రద్ధగా జరిగే లెక్క అదే.

సమస్య: సోమవారం కథ గురువారానికి గుర్తుండదు

రోజుకో కొత్త కథ చెబితే అంతే. వారానికి ఒక్క కథ చాలు. మొదటి రోజు వినడం, రెండో రోజు ఆడి చూపడం, తర్వాత బొమ్మలను వరుసలో పెట్టడం. శుక్రవారం పిల్లలే చెబుతారు, మనం వినాలి.

సమస్య: ఇరవై మూడు రాయమంటే 203 రాస్తారు

దీన్ని అజాగ్రత్త అనకండి. పిల్లవాడు విన్నది విన్నట్టు రాశాడు: ఇరవైకి 20, మూడుకు 3. కన్నడంలో ఇప్పత్తమూరు అన్నా, ఇంగ్లీషులో ట్వంటీ త్రీ అన్నా వినిపించే వరుస అదే. ఎర్ర సిరాతో కొట్టేసి పదిసార్లు రాయిస్తే చెయ్యి నొప్పి పుడుతుంది తప్ప పదుల స్థానం అర్థం కాదు.

ముందు పుల్లలు ఇవ్వండి. పది లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయడం పిల్లల చేతులతోనే జరగాలి. మనం కట్టి ఇచ్చిన కట్ట వాళ్ల కంటికి ఒక్కటే, అందులో పది కనబడవు. రెండు కట్టలు, మూడు విడి పుల్లలు బల్ల మీదికి వచ్చాక అట్టలు తీయండి. పొడవాటి అట్ట మీద 20, అందులో సగం వెడల్పున్న అట్ట మీద 3. చిన్న అట్టను సరిగ్గా సున్నా మీద పెట్టించి, "సున్నా ఎక్కడికి పోయింది?" అని అడగండి. "మూడు కింద దాక్కుంది మిస్" అని ఒక పాప అట్ట ఎత్తి చూపింది. ఆ తర్వాత ఆ పాప పలక మీద 203 కనబడలేదు. అందరికీ ఒక్క రోజులో రాదు, మూడు వారాలు పట్టినవాళ్లూ ఉన్నారు.

నైంటీన్‌ను 91 అని రాసేవాళ్ల చిక్కు వేరు. ఇంగ్లీషులో అక్కడ తొమ్మిది ముందు వినిపిస్తుంది. వాళ్ల చేత పంతొమ్మిది అనో, హత్తొంబత్తు అనో పలికించండి. రెండింటిలోనూ పది ముందు వస్తుంది.

సమస్య: అక్షరాలు గడగడ చెబుతారు, పదం చదవలేరు

వాళ్లకు తెలిసింది పాట, అక్షరం ఇంకా పట్టుబడలేదు. మధ్యలో ఒకటి చూపించి అడగండి. మొదటి నుంచి పాడుకుంటూ వస్తే కారణం ఖాయం. కొన్ని అక్షరాలే నేర్పి, వెంటనే పదాలు కట్టించాలి. ఇక్కడి ప్రభుత్వ బడుల్లో ఆడుతూ పాడుతూ నేర్పే నలి-కలి పద్ధతిలో కన్నడం ర, గ, స, ద, అ లతో మొదలవుతుంది. ఆ ఐదుతోనే అరస, అగస వచ్చేస్తాయి. ఒకరు రాజు, ఒకరు చాకలి. తెలుగుకైతే ప, ల, క, త, వ తీసుకోండి: పలక, తల, వల, కల.

సమస్య: ఒక పిల్ల వారమంతా నోరు విప్పదు

మందబుద్ధి అనే మాట మన నోట రాకూడదు. ఇంట్లో గలగల మాట్లాడే పిల్ల బడి భాషలో తప్పు పోతానేమోనని భయపడుతుంది.

నేను బుధవారం తెలుగు - కన్నడ జంట మాటల ఆట పెడతాను. పాలు - హాలు, పులి - హులి, పాము - హావు, పువ్వు - హూవు. పాత కన్నడంలో ఈ మాటలన్నీ ప తోనే ఉండేవి, తర్వాత హ అయ్యాయి. నాలుగు జంటలు చెప్పాక ఆగితే పిల్లలే సూత్రం కనిపెడతారు. పేను - హేను దగ్గర గదంతా నవ్వు. అంతవరకు మాట్లాడని ఒక పాప తన పలక ఎత్తి "హలక" అంది. దిద్దబోయి ఆగాను, ఎందుకంటే కన్నడంలో బల్లను హలగె అంటారు, నల్లబల్ల కప్పు హలగె. ఆ మాట బోర్డు మీద రాసి ఆ పాప పేరు పక్కన పెట్టాను. పుస్తకం మాత్రం హుస్తక కాదు, పుస్తకగానే ఉంటుంది. అదీ చెప్పాలి.

సమస్య: ఊరెళ్లి వచ్చిన పిల్లలు వెనకబడతారు

సంక్రాంతికో, కోతలకో వెళ్లి రెండు వారాలకు వస్తారు. తరగతి అంతా ఒకే పాఠంలో కదిలితే వాళ్లకు చోటుండదు. దీనికి మందు మన వైపు నుంచే వచ్చింది. 1995 ప్రాంతంలో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె ఉపాధ్యాయులు మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ బడిలో చూసిన పద్ధతి నుంచే నలి-కలి పుట్టింది. పని కార్డులు మెట్ల వరుసలో ఉంటాయి, ప్రతి బిడ్డా తన మెట్టు మీద నుంచే నడుస్తుంది.

ఇరవై కార్డులతో మీరే ఇలాంటి నిచ్చెన చేసుకోవచ్చు. ప్రతి పిల్ల పేరూ ఒక బట్టల క్లిప్పు మీద రాసి, చేరిన మెట్టుకు తగిలించండి. ఊరెళ్లిన పిల్ల క్లిప్పును కదపకండి, తీసేయకండి. తిరిగి వచ్చిన రోజు సంచి దింపకముందే వాళ్లు చూసుకునేది దాన్నే.