సీరియల్ పోర్టు పాఠాలు – 3వ భాగం: పిచ్చి అక్షరాలను చదవడం

ల్యాబ్‌లో బరువు తూచే ఎలక్ట్రానిక్ బ్యాలెన్స్ నుంచి సీరియల్ పోర్టు ద్వారా కంప్యూటర్‌లోకి అంకెలు తెచ్చుకోవడం ఈ పాఠాల పని. రెండో భాగంలో కేబుల్ సంగతి తేల్చుకున్నాం. తొమ్మిది పిన్నుల కనెక్టర్‌లో 2, 3 పిన్నులను వైరు ముక్కతో కలిపి, టైపు చేసింది తిరిగి తెరమీదికి వస్తోందా అని చూశాం. ఏ పిన్ను నుంచి డేటా బయటికి వెళ్తుందో ఆ పిన్ను, ఏమీ పంపనప్పుడు, 5వ పిన్నుతో పోలిస్తే మైనస్ వోల్టేజీ చూపిస్తుందని మల్టీమీటరుతో కొలుచుకున్నాం. ఆ రెండు పరీక్షలూ అయ్యాకే ముందుకు రండి. వైరే తప్పయితే కింద చెప్పేదేదీ పనికిరాదు.

ఇప్పుడు వైరు బాగుంది. బ్యాలెన్స్ ఏదో పంపుతోంది. తెరమీద మాత్రం పిచ్చి అక్షరాలు. ఇక్కడికి రాగానే చాలామంది సెట్టింగుల మెనూ తెరిచి ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతారు. బాడ్ రేట్లు (బిట్లు పంపే వేగాలు) ఓ ఆరు, పారిటీలు (తప్పులు పట్టడానికి అక్షరానికి ఓ అదనపు బిట్ చేర్చే పద్ధతులు) మూడు, డేటా బిట్లు (ఒక్కో అక్షరానికి వాడే బిట్ల లెక్క) రెండు రకాలు అనుకున్నా 36 కలయికలు. ఆ తంటా అక్కర్లేదు. ఏ సెట్టింగు తేడాగా ఉందో వచ్చిన అక్షరాలే చెబుతాయి.

ముందు సరంజామా. పోర్టులో వచ్చింది తెరమీద చూపించే టెర్మినల్ ప్రోగ్రామ్ కావాలి: పుట్టీ, టెరా టెర్మ్, రియల్‌టెర్మ్ లలో ఏదైనా సరే. 8 డేటా బిట్లు, పారిటీ లేదు, 1 స్టాప్ బిట్ (అక్షరం ముగిసిందని చెప్పేది) అని పెట్టండి. ఫ్లో కంట్రోల్ (కాసేపు ఆగు, మళ్లీ పంపు అని చెప్పుకునే ఏర్పాటు) పూర్తిగా తీసేయండి; పుట్టీలో అది మొదటి నుంచీ ఎక్స్ఆన్/ఎక్స్ఆఫ్ అని పెట్టి ఉంటుంది, గమనించండి. అక్షరాల సెట్టు (ఏ విలువకు ఏ అక్షరం చూపాలో చెప్పే పట్టిక) లాటిన్-1 ఉండాలి. యూటీఎఫ్-8 ఉంటే మనకు కావాల్సిన ఆనవాళ్లన్నీ ఒకేలాంటి ప్రశ్నార్థకాలైపోతాయి. బ్యాలెన్స్‌కు కమాండ్లేవీ పంపకండి. పళ్లెంలో ఓ బరువు పెట్టి, బ్యాలెన్స్ మీదున్న ప్రింట్ బటన్ నొక్కండి. మొదట వినడమే మన పని.

నొక్కినా ఏమీ రాలేదా? పైన తిరుగుతున్న ఫ్యానును ఓసారి చూడండి. చాలా బ్యాలెన్సులు అంకెలు నిలకడకు వచ్చాకే బరువు పంపుతాయి. నాలుగు దశాంశాల బ్యాలెన్స్‌ను గాలికి పెడితే అంకెలు ఆడుతూనే ఉంటాయి, పోర్టులోంచి ఒక్క అక్షరమూ రాదు. మనమేమో కేబుల్ మార్చుకుంటూ కూర్చుంటాం. ఫ్యాను ఆపి, అద్దం తలుపులు మూసి మళ్లీ నొక్కండి.

అక్షరాలు వచ్చాయనుకుందాం. మొదట లెక్కపెట్టండి. పంపాల్సిన వాటికన్నా బాగా తక్కువ వస్తే కంప్యూటర్ నెమ్మదిగా వింటోంది, బాడ్ రేట్ పెంచాలి. మరీ ఎక్కువ వస్తే మామూలుగా కంప్యూటర్ వేగం ఎక్కువైనట్టు, తగ్గించాలి. అసలు రేట్ బ్యాలెన్స్ మెనూలోనే ఉంటుంది, చూసి పెట్టేయొచ్చు. దీనికి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

అసలు తమాషా అక్షరాల లెక్క సరిపోయి, కొన్ని సరిగ్గా, కొన్ని తప్పుగా వచ్చినప్పుడు మొదలవుతుంది. బ్యాలెన్స్ తెరమీద 12.3456 ఉంది. కంప్యూటర్‌లో ఇలా వచ్చింది:

±².3´56

3, 5, 6, చుక్క బాగానే ఉన్నాయి. 1, 2, 4 మాత్రమే చెడిపోయాయి. మళ్లీ ప్రింట్ నొక్కినా అవే చెడతాయి. వైరులో ఎక్కడో వదులుంటేనో, పక్కనున్న మోటారు నుంచి నాయిస్ వస్తేనో ఇలా ఒకే తీరుగా చెడవు. కాబట్టి ఇది పారిటీ గొడవ.

ఎలాగో చూడండి. అక్షరాలకు సంఖ్యలిచ్చే ఆస్కీ పట్టికలో 1 అంకె విలువ 49. ఏడు బిట్లలో రాస్తే 0110001, అందులో ఒకట్లు మూడు. బ్యాలెన్స్ ఈవెన్ పారిటీతో పంపుతోందంటే మొత్తం ఒకట్లు సరిసంఖ్య కావాలి, అందుకని ఎనిమిదో బిట్‌గా మరో 1 చేరుస్తుంది. స్టార్ట్, స్టాప్ బిట్లు కలిపితే మొత్తం 10 బిట్లు. మన కంప్యూటర్ ఎదురుచూసేదీ 10 బిట్లే కనక దానికి అనుమానమే రాదు. ఆ పారిటీ బిట్‌ను డేటా అనుకుని 128 కలిపేసుకుంటుంది. 49కి 128 కలిపితే 177, లాటిన్-1లో 177 అంటే ±. అదే 3 అయితే 0110011, ఒకట్లు నాలుగు, పారిటీ బిట్ 0, అంకె చెక్కుచెదరదు.

పది అంకెలకూ ఇదే లెక్క వేస్తే గుర్తుపెట్టుకోదగిన సూత్రం వస్తుంది. 0, 3, 5, 6, 9 బాగుండి 1, 2, 4, 7, 8 చెడితే: ఏడు బిట్లు, ఈవెన్ పారిటీ. సరిగ్గా తలకిందులుగా ఉంటే: ఏడు బిట్లు, ఆడ్ పారిటీ (మొత్తం ఒకట్లు బేసిసంఖ్య). నేనైతే దీన్ని కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోమంటాను. ఏ అండ్ డీ కంపెనీ బ్యాలెన్సుల్లో చాలా మోడళ్లు 2400 బాడ్ రేట్, ఏడు బిట్లు, ఈవెన్ తో వస్తాయి. పాత సార్టోరియస్ వాటిలో 1200, ఏడు బిట్లు, ఆడ్ ఎక్కువ.

దీనికో అనుబంధ రోగం ఉంది. లైను ముగిసిందని చెప్పడానికి చివర వచ్చే క్యారేజ్ రిటర్న్ గుర్తు విలువ 13, అందులో ఒకట్లు మూడు. ఈవెన్ పారిటీలో అది కూడా 141 అయిపోతుంది. క్యారేజ్ రిటర్న్ కోసం కాచుకునే ప్రోగ్రామ్‌కు లైను ఎప్పటికీ పూర్తికాదు. డేటా వస్తూనే ఉంటుంది, ప్రోగ్రామ్ మాత్రం బిగుసుకుపోయి ఉంటుంది. తప్పు కోడ్‌లో ఉందనుకుని వెతకొద్దు.

వినడం కుదిరాక మాట్లాడదాం. మెట్లర్ టొలెడో బ్యాలెన్స్ అయితే ఎస్, ఐ (SI) అనే రెండు అక్షరాలు పెద్దబడిలో పంపితే బరువు వెంటనే చెప్పాలి. పుట్టీలో ఎంటర్ కొట్టినా కదలకపోతే కారణం ఇదీ: పుట్టీ క్యారేజ్ రిటర్న్ ఒక్కటే పంపుతుంది, ఈ బ్యాలెన్సులు దాని వెంట లైన్ ఫీడ్ (కొత్త లైను గుర్తు) కూడా అడుగుతాయి. ఎంటర్ కొట్టాక కంట్రోల్ పట్టుకుని జే నొక్కండి, అదే లైన్ ఫీడ్. బరువు బదులు ES అనే అక్షరాలు తిరిగొస్తే కంగారు పడకండి. కమాండ్ అర్థం కాలేదని దాని భావం. అంటే వైరు, వేగం, పారిటీ, లైను చివర అన్నీ కుదిరినట్టే, మిగిలింది స్పెల్లింగే. చిన్నబడిలో కొట్టారేమో చూసుకోండి.

అభ్యాసం: 8 బిట్లు, పారిటీ లేకుండా వింటున్న టెర్మినల్‌లో ఈ లైను వచ్చింది.

4¶®2°1¹

బ్యాలెన్స్ ఏ పారిటీలో ఉంది? తెరమీది బరువెంత? చుక్క ఎందుకలా మారిందో కూడా బిట్లలో రాసి చూడండి. ఆస్కీలో చుక్క విలువ 46. జవాబులు నాలుగో భాగం మొదట్లో ఇస్తాను, అక్కడి నుంచి పైథాన్‌తో లైన్లు చదవడం మొదలుపెడదాం.