మిల్లింగ్ క్విల్‌కి డిజిటల్ స్కేల్ బిగించే ముందు జాగ్రత్తలు

క్విల్ అంటే మిల్లింగ్ మెషీన్‌లో కట్టర్ తిప్పే స్పిండిల్‌ని పట్టుకుని పైకీ కిందకీ కదిలే గొట్టం; అది ఎంత దిగిందో స్కేల్ అంకెల్లో చూపుతుంది. ముందు మెషీన్ ప్లగ్ పీకేయండి, స్విచ్ ఆపితే చాలదు.

క్విల్ పూర్తి ప్రయాణం కొలవండి. స్కేల్ అంతకన్నా 20 మి.మీ. ఎక్కువే కదలాలి, లేదంటే రీడింగ్ హెడ్ (స్కేల్ మీద జారుతూ కొలత చదివే భాగం) చివర తగిలి బ్రాకెట్ వంగుతుంది.

బ్రాకెట్ బిగించే ఎం4 (4 మి.మీ. స్క్రూ) మరకి 3.3 మి.మీ. డ్రిల్ వాడండి. లోపల ర్యాక్ (క్విల్‌ని కదిపే పళ్ల కడ్డీ), స్ప్రింగ్ ఎక్కడున్నాయో చూడనిదే రంధ్రం వేయొద్దు. డ్రిల్‌కి గ్రీజు రాస్తే పొడి అంటుకుంటుంది.

అసలు పని స్కేల్‌ని క్విల్ కదలికకి సమాంతరంగా పెట్టడం దగ్గరే. క్విల్‌కి పట్టించిన డయల్ గేజ్ (చిన్న తేడాని ముల్లుతో చూపే పరికరం) మొనని స్కేల్ అంచుకి ఆనించి దింపండి, 100 మి.మీ.లో 0.1 మి.మీ. మించి తేడా వస్తే స్క్రూలు వదులు చేసి సర్దండి. వంకరవల్ల కొలతలో తప్పు స్వల్పమే, కానీ హెడ్ బిగుసుకుపోతుంది.

చెన్నై తేమ, కూలెంట్ (కోతని చల్లబరిచే ద్రవం) తుంపర తగిలితే కెపాసిటివ్ (విద్యుత్ ఆవేశ మార్పుతో కొలిచే) స్కేల్ అంకెలు ఎగురుతాయి. పైన రేకు కప్పు తప్పనిసరి. బ్యాటరీ ఎస్ఆర్44 (సిల్వర్ ఆక్సైడ్ బటన్ సెల్) మేలు; ఎల్ఆర్44 (ఆల్కలైన్) వోల్టేజి క్రమంగా పడిపోతుంది.